అరిగిన మోకాలికి పని చెప్పాలా, విశ్రాంతి ఇవ్వాలా?

"గుజ్జు అరిగిపోయిందండీ."

ఎక్స్‌రే ఫిల్మును లైటుకు పెట్టి చూశాక, అరవై దాటినవాళ్ళకు తరచుగా వినిపించే మాట ఇది. ఆ ఒక్క మాటతో ఇంట్లో పద్ధతులన్నీ మారిపోతాయి. అమ్మను మెట్లెక్కొద్దంటారు, బిందె ముట్టుకోవద్దంటారు, పక్కవీధి గుడికి కూడా ఆటో పిలుస్తారు. ప్రేమతో చేసే పనే. కానీ ఆరు నెలలు తిరిగేసరికి నొప్పి అలాగే ఉంటుంది, పైగా కుర్చీలోంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాల్సి వస్తుంది.

అరుగుదల అనగానే బండి టైరో, చెప్పు మడమో గుర్తొస్తుంది. వాడేకొద్దీ తరిగేది కాబట్టి వాడకం తగ్గిస్తే ఇంకొన్నాళ్ళు వస్తుందనే లెక్క. మోకాలికి ఆ లెక్క కుదరదు. ఎముకల చివర్లను కప్పి ఉండే నున్నటి పొరనే మనం గుజ్జు అంటున్నాం. దానికి రక్తనాళాలు లేవు. కీలులో ఉండే జిగురు ద్రవం నుంచే దానికి తిండి అందాలి. అడుగు వేసినప్పుడు ఆ పొర స్పాంజిలా నొక్కుకుంటుంది, కాలు ఎత్తినప్పుడు విప్పారి ద్రవాన్ని పీల్చుకుంటుంది. ఈ నొక్కడం, వదలడం ఆగిపోతే తిండీ ఆగిపోతుంది. వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు కదలనివాళ్ళలో ఒక్క అడుగూ వేయకుండానే ఈ పొర పలచబడుతుంది.

ఆ పొరకు నరాలు కూడా లేవు. అంటే నొప్పి పుట్టేది గుజ్జులో కాదు. దాని కింది ఎముకలో, కీలు లోపలి సన్నటి పొర వాచినప్పుడు అందులో, చుట్టూ ఉన్న కండరాలూ బంధనాల్లో. అందుకే ఎక్స్‌రేలో అరుగుదల బాగా కనిపించినవాళ్ళు కొందరు హాయిగా నడుస్తుంటారు, ఫిల్ములో పెద్దగా ఏమీ లేనివాళ్ళు రాత్రిళ్ళు నిద్రపట్టక అటూ ఇటూ దొర్లుతుంటారు. ఫిల్మును బట్టి నొప్పి ఎంతో చెప్పలేం, ఎంత నడవొచ్చో అంతకన్నా చెప్పలేం.

ఇక అసలు చిక్కు తొడలో ఉంది. నొప్పి వల్ల నడక తగ్గుతుంది, నడక తగ్గితే తొడ ముందు కండరం కరిగిపోతుంది. మోకాలులో నీరు చేరితే పరిస్థితి ఇంకా చెడుతుంది. ఆ ఉబ్బు తాలూకు సంకేతాలు వెన్నుపాముకు చేరి, కండరానికి వెళ్ళే ఆజ్ఞలనే తగ్గించేస్తాయి. మనిషి ఎంత గట్టిగా బిగించాలనుకున్నా కండరం పూర్తిగా బిగుసుకోదు. మెట్లు దిగుతుంటే మోకాలు ఉన్నట్టుండి జారినట్టు అనిపించేది చాలాసార్లు ఇందుకే. కండరం మోయాల్సిన బరువు కీలు మీద పడుతుంది, నొప్పి పెరుగుతుంది, నడక మరింత తగ్గుతుంది. అరిగిన పొరను తిరిగి పెంచే మందు ఇంకా లేదు. కండరాన్ని మాత్రం ఏ వయసులోనైనా పెంచవచ్చు. 1990లో బోస్టన్‌లో తొంభై ఏళ్ళ ప్రాయంలో ఉన్న పదిమంది వృద్ధాశ్రమవాసులతో 8 వారాలు కాళ్ళకు బరువుల వ్యాయామం చేయించారు. పూర్తిచేసినవాళ్ళ కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. వయసైపోయింది, ఇప్పుడేం బలం వస్తుందిలే అనేవాళ్ళకు ఈ ఒక్క సంగతి చెప్పాలి.

నొప్పి ఎంత తగ్గుతుందన్నది నిజాయితీగా చెప్పుకోవాలి. 2015లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన 54 అధ్యయనాలను కలిపి చూస్తే, 100 పాయింట్ల కొలబద్ద మీద వ్యాయామం వల్ల నొప్పి సుమారు 12 పాయింట్లు తగ్గినట్టు తేలింది. ఇది అద్భుతం కాదు. నొప్పి మాత్రల వల్ల వచ్చే ఉపశమనమూ ఇంచుమించు ఈ స్థాయిలోనే ఉంటుంది, కాకపోతే మాత్ర కడుపును, కిడ్నీని కూడా తాకుతుంది. 2020లో అమెరికాలో 156 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మోకాలిలో స్టెరాయిడ్ ఇంజెక్షన్, రెండో జట్టుకు ఫిజియోథెరపీ ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే నొప్పిలోనూ, పనులు చేసుకోవడంలోనూ ఫిజియోథెరపీ జట్టే మెరుగ్గా ఉంది.

మరి "ఫిజియోథెరపీ చేయించాం, ఏం తేడా రాలేదు" అనేవాళ్ళు ఇంతమంది ఎందుకున్నారు?

వాళ్ళను కాస్త వివరంగా అడిగితే రెండింట్లో ఒకటి బయటపడుతుంది. కొందరు పది రోజులు "కరెంటు పెట్టించుకొని" వచ్చేశారు. మోకాలికి ప్యాడ్లు అంటించి జివ్వుమనిపించే యంత్రాలు, జెల్ రాసి తిప్పే అల్ట్రాసౌండ్ కాసేపు హాయినిస్తాయేమో గానీ కండరాన్ని పెంచవు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ 2022 మార్గదర్శకాల్లో కీళ్ళ అరుగుదలకు ఈ కరెంటు చికిత్సలు ఇవ్వొద్దనే చెప్పింది, ప్రయోజనం ఉందనేందుకు తగిన ఆధారాలు లేవని. అరగంట యంత్రం కింద పడుకోబెట్టి, వ్యాయామం అయిదు నిమిషాల్లో ముగించే చోట డబ్బు పోసే బదులు, అరగంట వ్యాయామం చేయించే, ఫిజియోథెరపీ డిగ్రీలైన బీపీటీ, ఎంపీటీ చదివిన మనిషిని వెతుక్కోవడం మేలు. ఇంకొందరికి కాలు ఆడించే వ్యాయామం ఒకటి కాగితం మీద రాసిచ్చారు. నాలుగు నెలలైనా అదే కాలు, అవే పదిసార్లు. బీపీ మాత్ర 5 మిల్లీగ్రాములు చాలకపోతే డాక్టరు పెంచుతారు. వ్యాయామానికీ అలాంటి మోతాదు ఉందని, అది పెరుగుతూ పోవాలని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

మోతాదు ఇలా కుదుర్చుకోవాలి. ఒక వ్యాయామాన్ని 8 నుంచి 12 సార్లు చేయగలగాలి, చివరి రెండు మూడు సార్లు కష్టమనిపించాలి. పన్నెండోసారి కూడా కబుర్లు చెబుతూ చేయగలిగితే అది తక్కువ మోతాదు. ఆరోసారికే ఊపిరి బిగబట్టాల్సి వస్తే ఎక్కువ. నడుమ ఒకటి రెండు నిమిషాలు ఆగి ఇలాంటివి 2 లేదా 3 విడతలు. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. కండరం బలపడేది విశ్రాంతి రోజునే కాబట్టి రోజూ చేస్తే ఇంకా త్వరగా నయమవుతుందనుకోవద్దు.

నొప్పిని కొలవడానికి డెన్మార్క్‌లో 2013 నుంచి నడుస్తున్న, మోకాలి, తుంటి అరుగుదలకు వ్యాయామం నేర్పే గ్లాడ్ కార్యక్రమం వాడే పద్ధతి మనకూ బాగా పనికొస్తుంది. సున్నా అంటే నొప్పి లేదు, 10 అంటే భరించలేనంత. వ్యాయామం చేస్తుండగా 2 దాకా నొప్పి ఉంటే నిశ్చింతగా చేయవచ్చు. 5 దాకా ఒప్పుకోవచ్చు. 5 దాటితే తగ్గించాలి. అంతకన్నా ముఖ్యం మర్నాటి సంగతి. 24 గంటల్లో నొప్పి మునుపటి స్థితికి వచ్చేయాలి. రాకపోయినా, ఉదయానికి మోకాలు ఉబ్బినట్టున్నా ముందురోజు మోతాదు ఎక్కువైందని అర్థం. అప్పుడు మానేయడం కాదు, ఒక విడత తగ్గించడమో, మోకాలు తక్కువ వంచడమో చేయాలి. తొడ కండరం ఒకటి రెండు రోజులు బరువుగా, సలుపుగా ఉంటే భయపడక్కర్లేదు, అది పనిచేసిన గుర్తు. కీలు లోపల పోటు, వాపు వేరు. ఈ తేడా తెలియకే చాలామంది రెండో రోజున ఆపేస్తారు.

వ్యాయామాలన్నింట్లో ఒక్కటే ఎంచుకోవాల్సి వస్తే కుర్చీలోంచి లేచి కూర్చోవడమే ఎంచుకోవాలి. బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా, బస్సు సీటులోంచి లేవాలన్నా కావలసిన బలం అదే. సీటు నేల నుంచి 45 సెంటీమీటర్లు ఉండాలి. చేతులున్న చెక్క కుర్చీ మంచిది. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ నున్నటి టైల్స్ మీద వెనక్కి జారుతుంది, దాన్నే వాడాల్సి వస్తే కుర్చీ వీపును గోడకు ఆనించి పెట్టాలి. సోఫా వద్దు, అది లోతు, మెత్తన.

అంచుకు జరిగి కూర్చోవాలి. పాదాలు భుజాలంత ఎడంగా, మడమలు మోకాళ్ళకన్నా కొంచెం వెనక్కి. వీపు వంచకుండా ఒంటిని ముందుకు వాల్చాలి, ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చాకే పైకి లేవాలి. చాలామంది నిటారుగా కూర్చుని అలాగే లేవబోతారు, లేవలేక వెనక్కి పడతారు, మోకాళ్ళలో సత్తువ లేదనుకుంటారు. సగం సమస్య వాలకపోవడమే. లేచేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబడితే బీపీ ఎగురుతుంది. కూర్చునేటప్పుడు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతూ నెమ్మదిగా దిగాలి. ధబ్బున కూలబడితే సగం మందు పారబోసినట్టే. మెట్లు దిగడానికి కావలసిన బలం ఈ దిగే నాలుగు అంకెల్లోనే వస్తుంది. మోకాళ్ళు ఒకదానివైపు ఒకటి వాలిపోతుంటే తుంటి పక్క కండరం బలహీనంగా ఉందని గుర్తు. మోకాలిచిప్ప రెండో కాలివేలి మీదుగా ఉండేలా చూసుకోవాలి.

అసలు లేవలేనివాళ్ళు సీటు మీద రెండు గట్టి దిండ్లు వేసుకుని, చేతులతో నొక్కుతూ మొదలుపెట్టాలి. పన్నెండేసి చొప్పున మూడు విడతలు వరుసగా రెండు వ్యాయామ రోజుల్లో సులువుగా చేయగలిగితే ఒక మెట్టు ఎక్కాలి. ముందు ఒక దిండు తీసేయడం, తర్వాత రెండోది. చేతులు కుర్చీ పిడుల మీద నుంచి తొడల మీదికి, అక్కడి నుంచి గుండెల మీదికి. అదీ సులువైతే కిలో బియ్యం సంచి గుండెలకు హత్తుకుని, తర్వాత రెండు కిలోలు. ఒకేసారి రెండు మెట్లు ఎక్కొద్దు.

ఎక్కడున్నామో తెలుసుకోవడానికి ఇదే పరీక్ష కూడా. చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టాలి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం 65 నుంచి 69 ఏళ్ళ ఆడవాళ్ళు 11 కన్నా, మగవాళ్ళు 12 కన్నా తక్కువ చేస్తే సగటు కంటే తక్కువ, పడిపోయే ప్రమాదం ఎక్కువ. 75 నుంచి 79 మధ్యవాళ్ళకు ఆ అంకెలు 10, 11. క్యాలెండరు మీద తేదీ పక్కన రాసుకుని నాలుగు వారాలకోసారి మళ్ళీ చూసుకోవాలి. నొప్పి తగ్గడానికి ముందే ఈ అంకె పెరగడం కనిపిస్తుంది, ఆ ఓపిక పట్టే రోజుల్లో అదే ధైర్యం. నొప్పిలో తేడా తెలియడానికి 6 నుంచి 8 వారాలు, ఒక్కోసారి 12 పడుతుంది.

వాపు ఎక్కువగా ఉండి కుర్చీ వ్యాయామం కుదరని రోజుల్లో మంచం మీద చేసేవి రెండున్నాయి. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ తొడ బిగించి 5 సెకన్లు ఉంచి వదలడం, 10 సార్లు. రెండోది, ఒక మోకాలు మడిచి ఉంచి, రెండో కాలు నిటారుగా అడుగు ఎత్తు లేపి 5 సెకన్లు ఆపి దించడం. మొదటి మోకాలు మడవకుండా చేస్తే నడుము పట్టేస్తుంది. ఇవి మొదలుపెట్టడానికే, వీటి దగ్గరే ఆగిపోకూడదు. కాలు ఎత్తడం సులువైతే పాత సాక్సులో అరకిలో ఇసుక పోసి మూతి కట్టి, చీలమండ మీద వేసుకోవచ్చు.

వంటగట్టు పట్టుకుని మడమలెత్తడం పిక్కలకు, కాలు పక్కకి ఎత్తడం తుంటికి. ఒంటిని పక్కకి వాల్చి కాలు ఎత్తితే తుంటికి పని ఉండదు. ఎక్కి దిగే మెట్టు వ్యాయామానికి 10 సెంటీమీటర్ల ఎత్తు పీటతో మొదలుపెట్టి 15కు, తర్వాత మామూలు మెట్టుకు పెంచుకోవాలి. పీట కదలకూడదు. గడప తొక్కడం మనవాళ్ళకు ఇష్టం ఉండదు, ఎత్తు సరిపోయినా దాన్ని వదిలేసి వీధి అరుగు మొదటిమెట్టు చూసుకోండి. అదే వంటగట్టు దగ్గర ఒక పాదం మడమ రెండో పాదం వేళ్ళకు ఆనించి వరసగా నిలబడి, చేతులు వదిలి 10 సెకన్లు నిలవగలుగుతున్నారా చూడాలి. లేకపోతే దీన్నీ వారానికి మూడు రోజులు సాధన చేయాలి. పడితే తుంటి ఎముక విరగవచ్చు, ఆ తర్వాత మోకాలి నొప్పి చిన్న విషయమైపోతుంది.

నడక మంచిదే, కానీ నడక ఒక్కటే చాలదు. తొడ బలం నడకతో పెద్దగా పెరగదు. ఏకబిగిన అరగంట కష్టమైతే పదేసి నిమిషాలు మూడుసార్లు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, ఆ వేగం చాలు. వెనక పట్టీ లేని హవాయి చెప్పులతో వేళ్ళు ముడుచుకుని నడవాల్సి వస్తుంది, మడమను పట్టి ఉంచే చెప్పులు కావాలి.

చేతికర్ర దగ్గర దాదాపు అందరూ ఒకే పొరపాటు చేస్తారు. నొప్పి ఉన్న కాలివైపే పట్టుకుంటారు. కుడి మోకాలు నొప్పైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి, కుడికాలు, కర్ర కలిసి ముందుకు పడాలి. చెయ్యి వదులుగా వేలాడదీస్తే మణికట్టు మడత దగ్గరికి పిడి రావాలి. అడుగున రబ్బరు అరిగితే వెంటనే మార్చాలి. మెట్లెక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు, కర్ర ముందు.

నేల మీద కూర్చునే అలవాటు గురించి తెలుగిళ్ళల్లో గొడవ ఎక్కువ. గొంతుక్కూర్చున్నప్పుడు మోకాలిచిప్ప వెనక ఒత్తిడి బాగా పెరుగుతుంది, కాబట్టి వాపున్న రోజుల్లో కమోడ్, ఎత్తు పీట వాడాలి, బట్టలుతకడం, కూరలు తరగడం నిలబడే చేసుకోవాలి. కానీ జీవితాంతం నేల ముట్టుకోవద్దనడం సరికాదు. ఎప్పుడైనా పడితే నేల మీంచి లేవడం వచ్చి ఉండాలి. పక్కకి తిరిగి, చేతుల మీద లేచి, మోకాళ్ళ మీదికి వచ్చి, కుర్చీ పట్టుకుని బలమైన కాలు ముందు పెట్టి లేవడం, ఇంట్లో ఎవరైనా పక్కన ఉండగా మెత్తటి పరుపు మీద నేర్చుకోవచ్చు.

బరువు సంగతి ఒక్క అంకెలో చెప్పొచ్చు. ఒంట్లో కిలో తగ్గితే అడుగు అడుగుకూ మోకాలి మీద 4 కిలోల భారం తగ్గుతుంది. ఆ తగ్గడం అన్నం తగ్గించుకుని జరగాలే తప్ప పప్పు, గుడ్లు, పాలు మానేసి కాదు. మాంసకృత్తులు అందకపోతే కొవ్వుతో పాటు కండరమూ కరుగుతుంది.

నొప్పి తట్టుకోలేక ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకోవడం, మందులషాపులో డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర కొనుక్కుని నెలల తరబడి వాడటం మానాలి. బీపీ, షుగరు ఉన్నవాళ్ళ కిడ్నీలకు ఇది నేరుగా దెబ్బ. కిడ్నీ జబ్బులతో ఇప్పటికే నలుగుతున్న ఉద్దానం లాంటి చోట్ల ఇంకా జాగ్రత్త కావాలి. ముందు అదే మందు జెల్ రూపంలో మోకాలికి రాసి చూడొచ్చు, రక్తంలోకి చాలా తక్కువ వెళుతుంది. వేడి కాపడం 15 నిమిషాలు పెట్టి వ్యాయామం మొదలుపెడితే బిగుతు సడలుతుంది. షుగరు వల్ల కాళ్ళలో స్పర్శ తగ్గినవాళ్ళు కాపడం వేడిని ముందు ఇంకొకరి చేత్తో చూపించుకోవాలి, కాలినా తెలియదు.

ఇన్ని చేసినా ఆపరేషన్ అవసరమయ్యేవాళ్ళు ఉంటారు. 2015లో డెన్మార్క్‌లో కీలుమార్పిడికి అర్హులైన 100 మందిలో సగం మందికి ఆపరేషన్, ఆ తర్వాత వ్యాయామం, మిగతా సగానికి వ్యాయామం, ఆహార సలహాలు, మందులు మాత్రమే ఇచ్చారు. ఆపరేషన్ జట్టుకు ఉపశమనం ఎక్కువే, తీవ్రమైన ఇబ్బందులూ వాళ్ళకే ఎక్కువ. రెండో జట్టు కూడా మెరుగుపడింది, ఏడాదిలో వాళ్ళలో 13 మందికే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. కాబట్టి మూడు నెలలు సరైన మోతాదులో చేసి చూడటం వల్ల పోయేదేమీ లేదు. ఆపరేషన్ తర్వాత కూడా తొడ బలంతోనే పని.

కొన్నిసార్లు మాత్రం వ్యాయామం కన్నా ముందు డాక్టరు కావాలి. మోకాలు ఎర్రగా, వేడిగా ఉబ్బి జ్వరం ఉన్నా, పడిన తర్వాత కాలు మోపలేకపోయినా, ఒక్క పిక్కే ఉబ్బి నొప్పెడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతూ రాత్రి నొప్పి పెరుగుతున్నా ఆలస్యం వద్దు. ఉదయం బిగుతు అరగంటలో వదిలితే అరుగుదల తీరు, గంట దాటినా వదలకుండా వేళ్ళ కీళ్ళు కూడా ఉబ్బితే అది వేరే కీళ్ళవాతం కావచ్చు. వ్యాయామంలో ఛాతీ బరువెక్కినా, కళ్ళు తిరిగినా అక్కడే ఆపి చూపించుకోవాలి.

పెళ్ళిళ్ళో, జ్వరమో వచ్చి మధ్యలో గ్యాప్ రావడం సహజం. వారం లోపైతే ఆపిన చోటే మొదలుపెట్టవచ్చు. రెండు మూడు వారాలు పోతే ఒక మెట్టు దిగి, తీసేసిన దిండు మళ్ళీ వేసుకుని, మూడు విడతలకు బదులు రెండు చేసి, మర్నాడు ఉదయం మోకాలు ఎలా ఉందో చూసుకుని పైకి కదలాలి.